దడికి అటూ ఇటూ

ఇంకా తెల్లవారలేదు. కొండ మీద మైకులో తిరుప్పావై మొదలైంది. ధనుర్మాసం కదా, సుప్రభాతానికి సెలవు. గాలి అటునుంచి వీస్తే ద్వారకా తిరుమల పాట ఈ మకాం దాకా వస్తుంది, లేకపోతే రాదు. ఈవేళ వస్తోంది గానీ మధ్యమధ్య తెగుతోంది. తెగిన చోటల్లా దూడ అరుపు.

ఇది మూడో రోజు.

ఎనిమిది నెలల కోడెదూడ. తల్లి మళ్ళీ చూడిది. కడుపులో ఉన్నదానికీ కాళ్ళ దగ్గర ఉన్నదానికీ ఒకేసారి పెట్టగలిగే ఒళ్ళు కాదు దానిది, వయసు మీద పడింది. మొన్న బాబాయి మకాం మధ్యలో తాటిమట్టలతో దడి కట్టించాడు. అటు ఆవు, ఇటు దూడ. మట్టల సందుల్లోంచి మూతీ మూతీ తగులుతాయి. పొదుగు మాత్రం అందదు.

ఇంతే సంగతి. అయినా రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అరుపు వల్ల కాబోలు అనుకున్నాను. నిన్న రెండో జాములో కాసేపు అరుపు ఆగింది. అప్పుడూ పట్టలేదు.

బాబాయి చుట్ట ముట్టించుకుంటూ అడిగాడు, "ఏరా అబ్బాయ్, పడుకోలేదా?"

"దూడ అరుస్తోంది బాబాయ్."

"అరవనీ. అరవకపోతే భయపడాలి."

ఆయనకి ఎనభై దాటాయి. ఎన్ని దూడలకి పాలు మాన్పించాడో లెక్క లేదు. నాకిదే మొదటిసారి, అరవై దాటాక.

మొన్నటి దాకా ఈ వేళకి పాలు తీసేవాళ్ళం. ముందు దూడను వదలాలి. అది పరుగున వచ్చి పొదుగును తలతో రెండు కుమ్ములు కుమ్మేది. కాసేపటికి ఆవు కళ్ళు సగం మూతపడేవి, చన్నులు నిండేవి. చేపింది అంటాం. అప్పుడు దూడను లాగి తల్లి ముందుకాళ్ళ దగ్గర కట్టేస్తే ఆవు దాని వీపు నాకుతూ ఉండేది. పాలు తపేలాలోకి పడుతూ ఉండేవి. ఒంగోలు జాతి ఆవు దూడ దగ్గర లేనిదే చేపడం అరుదు. మనిషి చేతులు ఎంత మెత్తనివైనా దానికి తెలుసు, ఇది అది కాదని.

చేపడం అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను నిన్న. పాలు అక్కడే ఉంటాయి, పొదుగులోనే. ఒంటికి నమ్మకం కుదిరేదాకా దిగవు, అంతే. ఇన్నేళ్ళూ పొద్దున్నే నేను తాగిన కాఫీలో పాలన్నీ ఏదో ఒక దూడను చూసి వదిలినవేనన్న మాట. అలా తలుచుకుంటే గ్లాసు కొంచెం బరువెక్కింది. తాగడం మానానా అంటే, లేదు.

ఇప్పుడు ఆవు వట్టిపోవాలి. బాబాయి దానికి తవుడూ చెక్కా ఆపేసి ఎండుగడ్డి ఒక్కటే వేస్తున్నాడు. రెండోనాటికి పొదుగు బిగిసి రాయిలా అయింది. ఆయన కూర్చుని కాస్త పిండి వదిలాడు. అంతా పిండితే మళ్ళీ ఊరుతుంది. అసలు వదిలేస్తే పొదుగువాపు రావచ్చు. ఎంత దగ్గర ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగితే చెయ్యి చూపించాడు. చెయ్యి చూస్తే నాకేం తెలుస్తుంది.

పాలు మరిపించడం అంటారు దీన్ని. దూడకైనా బిడ్డకైనా అదే మాట. ఎదిగిన కోడెకు నాగలి అలవాటు చేయడాన్ని కూడా బాబాయి మరపడమే అంటాడు. కాడికి మరపడం. ఒకచోట మరిచేట్టు చేయడం, ఇంకోచోట మరిగేట్టు చేయడం. రెండు మాటల వేరూ ఒకటో కాదో పండితులు తేల్చుకోవాలి గానీ, చీకట్లో వింటుంటే చెవికి ఒకటిగానే ఉన్నాయి. ఒకదానికి మరగాలంటే ఇంకొకదాన్ని మరవక తప్పదా? లేక మరవడం అంటూ ఏమీ లేదా, కొత్తది వచ్చి కూర్చుంటే పాతది కాస్త జరిగి చోటిస్తుందా? అదెక్కడికీ పోదేమో.

నాకు రెండేళ్ళు దాటినా పాలు మానలేదట. అమ్మ వేపాకు నూరి రాసుకుందట. నోరు పెట్టి, తీసేసి, ఆమె మొహంలోకి చూశానట. ఏడవలేదట. మళ్ళీ అడగలేదట. "అలా చూశావురా" అని అమ్మ తన చివరి రోజుల్లో కూడా చెప్పేది. ఎలా చూశానో చూపించడానికి తన కళ్ళు పెద్దవి చేసేది. నాకేమీ గుర్తు లేదు. పాలు మరిచిన పని ఆ ఒక్క పూటలో అయిపోయింది. ఆ చూపు ఆమె దగ్గర యాభై ఏళ్ళకు పైగా ఉండిపోయింది.

అటు ఆవు అరుపు మొదటి రోజు గట్టిగా ఉంది. నిన్నటికి బొంగురుపోయింది. ఈవేళ దూడ రెండుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతోంది, అదీ కొంత ఆగి. ఆ ఆగినంతసేపూ నేను ఊపిరి బిగబట్టి ఉంటున్నానని ఇప్పుడే గమనించాను.

ఈ దడి పద్ధతి బాబాయి వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు మాంసం జాతి దూడల మీద ఇదే చూసి 2003లో అచ్చు వేశారు. తల్లుల్ని కంచెకు అటుపక్కనే ఉంచిన దూడలు, పూర్తిగా దూరం తోలేసిన దూడలకన్నా తక్కువ అరిచాయి, తక్కువ తిరుగులాడాయి, ఒళ్ళు కూడా బాగా చేశాయి. బాబాయికి చెబితే, "వాళ్ళకీ దూడలున్నాయన్నమాట" అన్నాడు.

గుర్రాల వాళ్ళు కూడా ఇప్పుడు ఇలాగే చేస్తున్నారట. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. పిల్ల పుట్టిన గంట, రెండు గంటల్లో కాళ్ళ మీద నిలబడుతుంది. పెంపకశాలల్లో నాలుగు నుంచి ఆరు నెలలకి తల్లి నుంచి తప్పిస్తారు. మందలో వదిలేస్తే తల్లి అంత తొందరపడదు. మళ్ళీ ఈనే రోజులు దగ్గరపడేదాకా తాగనిస్తుంది, ఆ తర్వాతే పళ్ళు చూపించి తరుముతుంది. ఆరు నెలలన్నది మనిషి పెట్టిన గడువు. మనిషి పెట్టినంత మాత్రాన తప్పు అనలేను. ఇక్కడ ఎనిమిదో నెలలో దడి కట్టింది మేమే.

ఈ ప్రాంతంలో గుర్రం అంటే అశ్వవాహనమే. వైశాఖంలో, ఆశ్వయుజంలో, ఏటా రెండుసార్లు ఈ కొండ మీద బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. స్వామి గుర్రమెక్కి వీధిలోకి వస్తాడు. ముందుకాళ్ళు గాలిలోకి లేచి ఉంటాయి. చిన్నప్పుడు నాన్న భుజం మీంచి చూస్తూ, అది ఎప్పుడు కాళ్ళు దింపుతుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఇప్పటికీ దింపలేదు. తల్లి లేదు, పాలు లేవు, మరవాల్సింది లేదు.

అసలు గుర్రాలకి మన వేడీ మన తేమా పడలేదు. విజయనగర రాజు ఏటా 13 వేల గుర్రాలు హార్ముజ్ నుంచి వచ్చినవి కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ లెక్క ఎంత నిజమో గానీ, అన్ని గుర్రాలు ఓడల్లో సముద్రం దాటాయంటే వాటిలో ఎన్నింటికి తల్లి వాసన ఇంకా ముక్కులో ఉండగానే ఓడ కదిలిందో. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాలే కట్టాడు. సుడి ఎక్కడుంటే మంచిది, ఏ రంగుకి ఏ ఫలం అంటూ. కొనేవాడికి కావలసినవి అవి. గుర్రానికి ఏం కావాలో ఎవరు అడిగారు?

అడిగినవాడు ఒకడు ఉన్నాడు, గ్రీకు సేనాని జెనోఫన్. ఆయన 2,300 ఏళ్ళకు పైగా ముందు గుర్రపుస్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. గుర్రప్పిల్లను ఎక్కడ తాకాలో అందులో చెప్పాడు. వెంట్రుకలు ఒత్తుగా ఉన్నచోట తాకాలి. దురద పెడితే అది తనంతట తాను గోక్కోలేనిచోట తాకాలి. ఆ పేరు ఎప్పుడూ విని ఉండడు బాబాయి. రోజూ సాయంత్రం దూడ గంగడోలు కిందికి చెయ్యి పోనిచ్చి, నాలుగు వేళ్ళతో పైనుంచి కిందికి గీరుతాడు. నాలుక అందని చోటు అది. దూడ మెడ చాపుతుంది, ఇంకా చాపుతుంది, కింది పెదవి వేలాడేసి కళ్ళు అరమోడ్చి అలా ఉండిపోతుంది. ఆయన చెయ్యి ఆపితే ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆ ఒక్క అడుగు కోసమే ఆపుతాడేమో అని నాకు అనుమానం.

జెనోఫన్ ఇంకో మాట కూడా అన్నాడు. ఆకలీ దప్పికా ఈగల బాధా ఒంటరిగా ఉన్నప్పుడు వస్తాయనీ, తిండీ నీళ్ళూ ఉపశమనం మనిషి వల్ల వస్తాయనీ పిల్లకి తోచేట్టు చూడాలట. అప్పుడది మనిషిని కోరుకుంటుందట. నిజమే కావచ్చు. చదివినప్పుడు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. అలా అల్లిన ప్రేమను ప్రేమ అనవచ్చా? అనకూడదంటే, మనలో ఎవరి ప్రేమ ఇంకోలా మొదలైంది? ఆకలి వేసినప్పుడు ఎవరో వచ్చారు. అక్కడే కదా అందరికీ మొదలు.

నాలుగో రోజు దూడ తాగలేదు, మేయలేదు. అయిదో రోజు నీళ్ళు తాగింది.

కోడెను కాడికి మరపడం ఒక్కసారే దగ్గరగా చూశాను, పదకొండో పన్నెండో ఏట. మూడో ఏడు నడుస్తున్న కోడె, ఎర్రటి కళ్ళు. పక్కన నెమ్మదైన ముసలెద్దును కట్టారు. నీళ్ళు పెట్టిన చేలో దించారు, దూకినా దెబ్బ తగలదని. నాలుగు చాళ్ళు తిరిగిందో లేదో కోడె పడకేసింది. ముక్కుతాడు లాగినా లేవలేదు. తోక మెలిపెట్టినా లేవలేదు. గట్టు మీద నలుగురు చేరి నాలుగు సలహాలు చెప్పారు. ఒకాయన ములుగర్ర అందించాడు.

బాబాయి కర్ర తీసుకుని గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. చుట్ట తీశాడు. ముసలెద్దు కాడి కింద నిలబడే నెమరు వేసుకుంటోంది. కొంగ ఒకటి వచ్చి చాలులో వాలింది. ఎండ ఎక్కింది. చూసేవాళ్ళు విసిగి వెళ్ళిపోయారు. నాకు ఆకలి వేస్తోంది, అయినా వెళ్ళలేకపోయాను. ఏదో జరుగుతుందని కాదు. ఏమీ జరగకపోవడాన్ని అంత శ్రద్ధగా చూస్తున్న మనిషిని అంతకు ముందు చూడలేదు.

ఎప్పుడో కోడె లేచింది. ఎందుకు లేచిందో తెలియదు. జలగ పట్టిందేమో, బురద చల్లబడిందేమో, కూర్చోవడం విసుగనిపించిందేమో. బాబాయి చుట్ట పారేసి వెళ్ళి మేడి పట్టుకున్నాడు. ఆ రోజు ఇంకో రెండు చాళ్ళే తోలి విప్పేశాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో చాలామంది నా ముందు పడకేశారు. నేనూ పడకేశాను. కర్ర పక్కన పెట్టి కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ కోడెదూడను కూడా మరపాలని ఆయన ఉద్దేశం. ఇదే నాకు అంతుపట్టదు. ఈ మెట్టలో ఇప్పుడు ఎద్దులతో దున్నేవాళ్ళు ఎంతమంది? జీడిమామిడి తోటల్లో, ఆయిల్‌పాం తోటల్లో ట్రాక్టరు తిరుగుతోంది. కోడెదూడ పుడితే ఇంట్లో మొహాలు కొంచెం వాడుతున్నాయి. కొందరు స్వామి గోశాలకి తోలిచ్చి దణ్ణం పెట్టుకుని వస్తారు. కొందరి దూడలు ఎక్కడికి పోతాయో ఊళ్ళో ఎవరూ అడగరు. బండలాగుడు పందేలకి పనికొచ్చేవి ఏ ఒకటో రెండో.

"ఏం దున్నాలని బాబాయ్?" అన్నాను.

"దున్నకపోతే మానె. పక్కదానితో కలిసి నడవడం రావద్దూ?"

ఆ మాట బాగుందనిపించింది. తర్వాత చూస్తే పక్కది లేదు. మకాంలో మిగిలింది ఒక్క ముసలెద్దు. దాని జత నిరుడు పోయింది. జీవితమంతా దాపట నడిచిన ఎద్దు ఇది. ఇప్పటికీ నీళ్ళకి పోయేటప్పుడు డొంకదారిలో ఎడమ వారగానే నడుస్తుంది. వలపట ఇంకో ఎద్దు పట్టేంత ఖాళీ ఉంటుంది. దారంతా తనదే అయినా ఆ ఖాళీలోకి జరగదు. దీన్ని మరవకపోవడం అనాలా, మరిగిపోవడం అనాలా?

నవ్వుకోవడానికి లేదు. నేను బ్యాంకు వదిలి పద్నాలుగు నెలలు. ముప్పై ఏళ్ళకు పైగా క్యాషుగది తాళాలు చొక్కా కుడి జేబులో ఉండేవి. ఇప్పటికీ గుమ్మం దాటేటప్పుడు చెయ్యి అక్కడికి పోతుంది, ఖాళీ తగులుతుంది, క్షణం గుండె జారుతుంది. మొదట్లో ఆ చేతి మీద కోపం వచ్చేది. ఈ మధ్య దాని పని దాన్ని చేసుకోనిస్తున్నాను. తడుముతుంది, లేదని తెలుసుకుంటుంది, వెనక్కి వస్తుంది. ఇదివరకటి కంటే త్వరగానే వస్తోంది.

ఆరో రోజు కొండకి వెళ్ళాను. ఇక్కడ గర్భగుడిలో స్వామి మూర్తులు రెండు. ద్వారక మహర్షి తపస్సుకి పుట్టలోంచి వెలిసిన స్వామి నడుము పైభాగం వరకే దర్శనమిస్తాడు. పాదాలు కనిపించవు. పాదాలు లేనిదే పూజ ఎలాగని రామానుజులవారు వెనక నిలువెత్తు మూర్తిని ప్రతిష్ఠించారని చెబుతారు. ఇన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నా ఇది ఎప్పుడూ ఆలోచించలేదు. సగమే కనిపించినా చాలనుకున్నవాళ్ళు కొంతకాలం ఉన్నారు. చాలదనుకున్నవాళ్ళు తర్వాత వచ్చారు. ఇద్దరి దేవుడూ ఒకే గదిలో ఉన్నాడు. చాలు అనుకోవడం గొప్పదని విన్నాను, చదివాను, నలుగురికి చెప్పాను కూడా. కానీ చాలదనుకున్నవాడి పాదపూజ లేకపోతే ఈ గుడికి ఏదో తక్కువయ్యేది. తృప్తి అంటే ఏమిటో ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను. క్యూలో నిలబడి ఉండగా కొంచెం సందేహం వచ్చింది.

దూడకి చాలు అని చెప్పేది ఎవరు? బాబాయి చెప్పాడు, దడితో. కానీ అంతకు ముందే, దీపావళి దాటినప్పటి నుంచి, ఆవు అప్పుడప్పుడు వెనక కాలు విసురుతోంది. గట్టిగా కాదు. తన్నినట్టూ ఉండేది, ఈగను తోలినట్టూ ఉండేది. అదే అసలు మాటేమో. మేం వినిపించుకోలేదు.

నిరుడు ఇదే రోజుల్లో ఆటపాక వెళ్ళినప్పుడు చూసింది గుర్తొస్తోంది. మెట్ట వాగులు దిగి దిగి కొల్లేట్లో కలుస్తాయి కదా, ఆ నీళ్ళ మధ్య అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్ళు ఉన్నాయి. తల్లంత పెరిగిన పిల్ల ఒకటి తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపల కోసం వెతుకుతోంది. తల్లి ముక్కు చీలిపోతుందా అనిపించింది. పక్క గూట్లో అంతే ఈడు పిల్ల ఒంటరిగా నిలబడి రెక్కలు తెరుస్తోంది, మూస్తోంది. ఎగరదు. మళ్ళీ తెరుస్తోంది. చూడటానికి వచ్చినవాళ్ళందరి ఫోన్లూ మొదటి గూటి వైపే ఉన్నాయి. నాదీ అటే.

ఏడో రోజు దూడ పిల్లిపెసర కాస్త కొరికింది. నమిలి ఉమ్మేసి, మళ్ళీ కొరికింది. మధ్యాహ్నం దడి పక్కనే పడుకుంది. అటువైపు ఆవు కూడా పడుకుంది. మధ్యలో తాటిమట్టలు. రెండింటి వీపులూ ఒకే మట్టకి ఆని ఉన్నాయి. మట్ట కొంచెం కొంచెం కదులుతోంది. ఎవరి ఊపిరికి కదులుతోందో పోల్చుకోవాలని చాలాసేపు చూశాను. తేలలేదు.

ఎనిమిదో రాత్రి అరుపు లేదు. నాకు మెలకువ వచ్చింది. అరుపు లేదని వచ్చింది.

ఇవాళ తొమ్మిదో రోజు. కొండ మీద పాట మొదలైంది. గాలి అటునుంచే ఉంది, తెగకుండా వినిపిస్తోంది. బాబాయి ఇంకా లేవలేదు. ముసలెద్దు డొంకలో ఎడమ వారగా నీళ్ళకి పోతోంది. దూడ తొట్టిలో మూతి పెట్టి తవుడు నాకుతోంది, చెవులు మాత్రం ఆడుతున్నాయి.

ఆవు దడి దగ్గర నిలబడి ఉంది.